మంచుకొండ మీద ఒక్కపొద్దు

నేను మనుషుల్ని కొండలెక్కించి బతుకుతాను. ఈ మాట కుప్పంలో చెబితే ఎదుటివాళ్లు కాసేపు ఆగి, "అది సరేప్పా, పనేం చేస్తాండావు?" అని మళ్లీ అడుగుతారు. మా అమ్మ ఈ ఇబ్బందికి ఎప్పుడో విరుగుడు కనిపెట్టింది. ఎవరైనా నా గురించి అడిగితే "టూరిస్టు ఆఫీసులో ఉండాడు" అని చెప్పి, వాళ్ల కోడలికి ఎన్నో నెలో కనుక్కుంటుంది. మా ఊళ్లో కొండంటే పగలగొట్టేది, పలకలు కోసేది, పాలిష్ పెట్టి లారీకెత్తేది. మా నాన్న జీవితమంతా గ్రానైట్ క్వారీలో ఆ పనే చేశాడు. కొండని ముక్కలు చేసి అమ్ముకోవడం ఆయనకు అర్థమవుతుంది. కొండెక్కి, అక్కణ్ణుంచి ఒక్క రాయి కూడా తెచ్చుకోకుండా దిగొచ్చేదానికి జనం ఎదురు డబ్బిస్తారంటే మాత్రం ఆయన ఇప్పటికీ నమ్మడు. "వాళ్లకి ఇండ్లల్లో సెప్పేవాళ్లు ఎవురూ లేరా?" అని ఒకసారి చాలా బాధగా అడిగాడు. ఉన్నారు, వాళ్లని కూడా వెంటబెట్టుకుని వస్తారు అని నేను చెప్పలేదు.

నా ఆఫీసు మదనపల్లెలో. టమాటా మార్కెట్టుకు దగ్గర్లో, పురుగుమందుల అంగడి మీద ఒక గది. గది గోడకు మంచుకొండల ఫొటోలు పెద్దవి అంటించాను. కింద నుంచి మందుల వాసన వస్తూ ఉంటుంది. టమాటాకు ధర పలికిన ఏడాది హిమాలయాలు చూడాలనే కోరిక మదనపల్లెలో చాలామందికి ఒకేసారి పుడుతుంది. పలకని ఏడాది నేనూ, కింద అంగడాయనా ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతాం. అక్కడెక్కడో ఉత్తరాఖండ్‌లో మంచు ఎంత పడిందో చూసుకునే ముందు ఇక్కడ మార్కెట్లో బాక్సు ఎంతకు పోయిందో చూసుకునే గైడు దేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ ఏడాది ధర బాగానే పలికింది. మదనపల్లె టమాటా మండీల వాళ్లు ముగ్గురు స్నేహితులు కట్టగట్టుకుని వచ్చి చేరారు. వాళ్ల వెనకే పుంగనూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనకు అక్కడ పశువుల దాణా అంగడి ఉంది. వయసు యాభై దాటింది, మనిషి గట్టిగా ఉంటాడు, నుదుటన నిలువు నామం. కూర్చోకముందే చెప్పేశాడు.

"నాకు ట్రైనింగులూ అవీ ఏం అక్కర్లేదప్పా. ప్రతి వైకుంఠ ఏకాదశికీ పుంగనూరు నుంచి తిరుమలకు నడిచేది. నేనే ముందుండి నడిపించేది. సెప్పులు కూడా ఉండవు. కొండంటే నాకేం కొత్త కాదు."

తిరుమలకు నడిచినవాళ్లంటే నాకు గౌరవమూ ఉంది, భయమూ ఉంది. గౌరవం అందరికీ ఉండేదే. భయం ఎందుకంటే, తిరుమల కొండ మొక్కుకున్నవాణ్ణి వదిలిపెట్టదు, ఎలాగోలా పైకి తీసుకుపోతుంది. మంచుకొండకి మన మొక్కులు తెలియవు. అక్కడ గాలి పల్చబడేకొద్దీ మనిషి మెల్లగా నడవాలి, ఆకలి లేకపోయినా తినాలి, దాహం లేకపోయినా తాగాలి. మెల్లగా నడవడం, బలవంతంగా తినడం రెండూ మావైపు భక్తులకు అవమానం కిందే లెక్క. ఇదంతా ఆయనకు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, గోడమీది ఫొటో చూస్తూ, "శనివారం యాడుంటాం?" అని అడిగాడు. బేస్తవారం శిఖరమెక్కేసి, శనివారానికి కిందికి దిగేసి ఉంటామని చెప్పాను. "అయితే సరే" అన్నాడు. ఎందుకు అడిగాడో నేను అడగలేదు. అది పెరటాసిలో, శనివారాలు వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దులుండే నెలలో, పడే ప్రయాణమని నాకు తట్టలేదు. తట్టి ఉంటే, మా ఇంట్లో కూడా పెరటాసి శనివారాలు పొయ్యి ఎప్పుడు వెలిగిస్తారో గుర్తొచ్చి ఉండేది.

ఆయనకు బీపీ ఉంది. డాక్టరు సరేనన్నాడు గానీ, కూతురు ఒప్పుకోలేదు. అమ్మ వెంట ఉండి మాత్రలు చూసుకుంటేనే పంపిస్తానని పట్టుబట్టింది. అలా ఆయన భార్య కూడా బ్యాచ్‌లో చేరింది. నా రిజిస్టరులో పేరు రాసుకునేటప్పుడు ఆయనే చెప్పాడు: "ఆమె కొండెక్కేదానికి కాదు, నా మాత్రలకు." ఆమె పక్కనే నిలబడి, అది నిజమే అన్నట్టు తలూపింది.

ప్రతి బ్యాచ్‌నీ ముందు మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ ఎక్కిస్తాను. కారు దారిలో కాదు, కింద నుంచి కాలిదారిలో. మండీల వాళ్లు ముగ్గురూ సగం దూరం ఫోన్లలో ధరలు మాట్లాడుతూ, మిగతా సగం ఆయాసపడుతూ ఎక్కారు. పుంగనూరాయన చెప్పులు చంకలో పెట్టుకుని, గోవింద నామం చెప్పుకుంటూ, అందరికన్నా ముందు వెళ్లిపోయాడు. వెనక్కి పిలిచి బూట్లు వేయించాను. రెండు మలుపులు తిరిగేసరికి మళ్లీ చంకలో ఉన్నాయి.

ఆమె నాతో పాటు వెనకే నడిచింది. ఇంట్లో ఆవులున్నాయి, పొద్దున్నే లేచి పాలు పితికి, వాటి వెంట చేలగట్ల మీద తిరిగే మనిషి. ఒకే రకంగా, తొందరలేకుండా నడుస్తోంది. మాటలు లేకుండా చాలా దూరం వచ్చాక, ఉన్నట్టుండి అడిగింది.

"అప్పా, నేను పైదాకా పోగలనా?"

"ఎందుకు పోలేరక్కా? ఈ నడక చూస్తాండాను గదా."

"హార్స్‌లీ కొండ కాదు. ఆ మంచుకొండ."

నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. ఆమె విన్లేదు.

"తిరుమలకు ఆయన నడిచే ప్రతి ఏడాదీ నేనూ పోతాను. టెంపోలో. గిన్నెలు, గ్యాసు, బియ్యం మూటలు అన్నీ నాతోనే. వాళ్లు వచ్చేసరికి నేను ముందుబోయి వండిపెట్టాల. ఇంతవరకూ ఒక్కసారి కూడా పైదాకా నడిచి ఎక్కలేదు నేను. ఒక ఏడాది ఎక్కతానని బయలుదేరినా. సగం దూరంలో మా అత్తకు కళ్లు తిరిగినాయి, ఆమెను దించుకుని వచ్చేసినా. ఇంకో ఏడాది వంటమనిషి రాలేదు. నన్ను మజ్జలో దించేదానికి ఎవురికో ఒకరికి ఏదో ఒకటి అవతానే ఉంటాది." కొంగుతో చెమట తుడుచుకుంది. "ఈసారి నన్ను మజ్జలో ఆపగాకప్పా. నా కాళ్లు పడిపోతే ఆపు. ఇంకెవురి కాళ్లకో నన్ను ఆపగాకు."

సరేనన్నాను. మావైపు ఎవరు ఏమడిగినా ముందు సరేనంటాం. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా శిఖరం కావాలనే వస్తారు. ఫొటోకి కావాలి, ఫేస్‌బుక్కుకి కావాలి, బామ్మర్ది పోయొచ్చాడు కాబట్టి కావాలి. ఇంత భయంగా అడిగినవాళ్లు మాత్రం లేరు.

బయలుదేరే ముందు సామాన్లు చూడడానికి పుంగనూరు వెళ్లాను. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టేశారు. వెనక మంచుకొండ, ముందు నామంతో ఆయన, చుట్టూ శుభాకాంక్షలు చెప్పేవాళ్ల గుండ్రటి బొమ్మలు. ఆమె బొమ్మ లేదు. బహుశా ఎవరూ అడగలేదు. ఆయన సంచీ విప్పితే ఇత్తడి దీపం, కర్పూరం, తులసిమాల, రెండు టెంకాయలు. టెంకాయలు పైన గడ్డకట్టి పగిలిపోతాయన్నాను. "టెంకాయ పగలాల్సిందే కదప్పా" అన్నాడు. చాలాసేపు వాదించి టెంకాయల్ని పుంగనూరులోనే దించాను. ఆమె సంచీలో రాగిపిండి, చింతకాయ తొక్కు, చెనక్కాయ చిక్కీ పొట్లాలు ఉన్నాయి. చిక్కీ తప్ప మిగతావి కూడా దించబోతే మండీల వాళ్లు ఫోన్ చేసి మరీ తొక్కును కాపాడుకున్నారు.

కొండ పేరు చెప్పను. ఆ కొండ మధ్యలోంచి వెనక్కి తిప్పినందుకు నా మీద కోపంగా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఐదు వేల మీటర్లు దాటుతుంది. తాళ్లు, గొడ్డళ్లు పెద్దగా అక్కర్లేదు. శిఖరమెక్కే రోజు మాత్రం బూట్లకు ఇనప పళ్లు కట్టుకుని, ఒకే తాడుకు అందరూ తగులుకుని నడవాలి. అక్కడి గైడ్లు ఇద్దరు మాతో వచ్చారు. ఒకాయన పెద్దవాడు, ఇంకొకతను నా ఈడువాడు.

మొదటి క్యాంపులోనే ఆమెను వంట డేరాలోంచి బయటికి లాగాల్సి వచ్చింది. వంటవాడికి హిందీ తప్ప రాదు, ఆమెకు తెలుగు తప్ప రాదు. అయినా ఇద్దరూ కలిసి ఉల్లిపాయలు తరిగేస్తున్నారు. "అక్కా, ఇక్కడ మీరు కూచుని తినాల" అన్నాను. ప్లాస్టిక్ స్టూలు మీద కంచం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరో వచ్చి వడ్డిస్తుంటే ఎటు చూడాలో తెలియక, తినడం అయ్యేదాకా కంచంలోకే చూసింది. ఇంకొక రెండు పూటలకు అలవాటైంది. మూడో పూట "ఉప్పు తక్కువుండాది" అని నాతో చెప్పి పంపించింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

నా పనిలో సగం తిండి గురించి అడగడమే. పైకి పోయేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. తిండి తగ్గించినవాడు రెండో రోజుకి పడిపోతాడు. అందుకే ప్రతి పూటా డేరా డేరాకూ వెళ్లి "తిన్నారా?" అని అడుగుతాను. ఇందులో ఒక చిక్కుంది. అది మా జిల్లా వాళ్లకే వస్తుంది. మావైపు ఆ మాటకి "అయిందప్పా" అనడం మర్యాద. కడుపు కాలిపోతున్నా "అయింది, నువ్వు తిన్నావా?" అనే అంటారు. ఎదుటివాడికి మనకు వడ్డించే శ్రమ పెట్టకూడదు కదా. బెంగళూరు బ్యాచ్‌లు అయితే "నో, ఐ హేట్ దిస్ పారిడ్జ్" అని మొహం మీదే చెప్తారు. వాళ్లతో నాకు సుఖం. మనవాళ్లు మర్యాదగా పస్తుంటారు.

పై క్యాంపు చేరిన సాయంత్రమే మంచు మొదలైంది. బేస్తవారం పోయింది. శుక్రవారం పగలంతా డేరాల్లోనే గడిపాం. మండీల వాళ్లు పేకాడుకున్నారు. పుంగనూరాయన భజన చేశాడు. పెద్ద గైడు అప్పుడప్పుడూ బయటికి పోయి ఆకాశం వైపు చూసి, తల అడ్డంగా ఊపి వచ్చేవాడు. శుక్రవారం పొద్దుగూకేసరికి మబ్బు విడిపోయింది. రేపు తెల్లవారకముందే బయలుదేరుతున్నామని చెప్పాను. రేపు శనివారమని నేననలేదు. ఆ ఎత్తులో నాకు వారాలు ఉండవు. ఎండ, మంచు, గాలి, అంతే.

చీకట్లోనే అందరికీ వేడి జావ, రొట్టెలు పెట్టించాను. ఆమె అందరికన్నా ముందు తిని, బూట్లు కట్టుకుంటోంది. ఆయన చివర్లో వచ్చాడు. "తిన్నారా అన్నా?" "అయిందప్పా, నువ్వు తిన్నావా?" నేను తిన్నానని చెప్పి ముందుకెళ్లిపోయాను.

తెల్లవారేదాకా బాగానే నడిచారు. ఆయన తాడును ముందుకు లాగుతుంటే, పెద్ద గైడు రెండుసార్లు ఆగి వెనక్కి చూశాడు. నేను అరిచాను. మెల్లగా పొమ్మంటే ఆయనకు చిన్నతనంగా ఉంది. ఎండ వచ్చాక గోవింద నామం తగ్గింది. చివరి వాలు మొదలయ్యే చోట, శిఖరం తల మీదే కనిపిస్తుండగా, ఆయన మంచులో కూర్చుండిపోయాడు. వాంతి చేసుకున్నాడు. నీళ్లు తప్ప ఏమీ రాలేదు. "కాసేపు పండుకుంటా" అన్నాడు. మంచులో ఆ మాట అన్నవాణ్ణి పడుకోనివ్వకూడదు.

"అన్నా, మీ అంగడి పుంగనూరులో యాడుండాది?" అని అడిగాను. ఇది మా పరీక్ష. చాలాసేపు ఆలోచించాడు. చెప్పాడు గానీ, ఆ ఆలోచించిన సేపు నాకు నచ్చలేదు. వేలికి మిషన్ పెట్టి చూస్తే ఆక్సిజన్ తగ్గింది. ప్రాణం మీదికి వచ్చేంత కాదు, ఇక పైకి పోకూడనంత.

"పొద్దున్న ఏం తిన్నారు?"

ఆయన జేబు తడిమాను. చెనక్కాయ చిక్కీలు కాగితం విప్పకుండా అన్నీ అలాగే ఉన్నాయి. ఇంకో జేబులో నేనిచ్చిన ఖర్జూరాలు.

"ఈరోజు శనివారం గదప్పా" అన్నాడాయన, చాలా మెల్లగా. "పెరటాసి."

నేను మామూలుగా కస్టమర్ల మీద అరవను. ఆ రోజు అరిచాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. మా అమ్మ ఒక్కపొద్దునీ, వాళ్ల పాదయాత్రనీ, నా బుద్ధినీ కలిపి తిట్టినట్టు గుర్తు. ఆమె బిత్తరపోయి ఆయన్నే చూస్తోంది. "నాతో కూడా అయిందనే సెప్పినాడు" అంది. ఇన్నేళ్లూ ఆ మనిషి తిండి ఆమె చేతి మీదుగానే నడిచింది. కోపం కన్నా దెబ్బ తిన్నట్టుంది ఆమె మొహం.

"నువ్వూ ఉండావు గదమ్మే ఒక్కపొద్దు?" అన్నాడాయన.

"నేను తిన్నా" అందామె. "రాత్రే సామికి సెప్పుకున్నా, ఈ ఒక్క వారం వదిలెయ్ అని."

పెద్ద గైడు ఏం జరుగుతోందని అడిగాడు. హిందీలో చెప్పాను. ఆయన శిఖరం వైపు చెయ్యి చూపించి, మా దేవుడు అక్కడే ఉంటాడు, పస్తుండమని ఎవరికీ చెప్పలేదు అన్నాడు. అది తెలుగులో చెబితే పుంగనూరాయన, ఆ స్థితిలో కూడా, "ఆయన వేరే, మా సామి వేరే" అన్నాడు. మండీ ఆయన ఒకడు నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగాడు. కిందికి దిగాలన్నా కాళ్లలో శక్తి కావాలి. తినకపోతే ఆయన్ని మోసుకుపోవాలి. నేను బతిమాలాను, బెదిరించాను. పళ్లు బిగించుకుని కూర్చున్నాడు.

ఆమె వచ్చి ఆయన ఎదురుగా మంచులో కూర్చుంది.

"నీ ఒక్కపొద్దు నేను తీసుకుంటాండా. వచ్చే శనివారం నీదీ నాదీ కలిపి ఉంటా. నీళ్లు కూడా తాగను. నువ్వు తిను."

ఆయన ఆలోచించాడు. ఇది ఆయన శాస్త్రంలో చెల్లుతుందో లేదో నాకు తెలియదు. చెల్లినట్టుంది. ఆమె చిక్కీ కాగితం విప్పి చేతికిచ్చింది. పళ్లు పటపటమనేలా కోపంగా నమిలాడు. తర్వాత ఇంకొకటి. వేడి నీళ్లు తాగాడు. మొహంలోకి కాస్త రంగు వచ్చింది. వెంటనే చేతి కర్ర పట్టుకుని లేచి, "సరే, ఇంక పదండి పైకి" అన్నాడు.

"లేదన్నా. మీకు ఇక్కడితో సరి."

ఎంతోమందికి చెప్పిన మాటే. ఎన్నిసార్లు చెప్పినా నోరు చేదుగా ఉంటుంది. ఆయన ఏడుస్తాడేమోననుకున్నాను. ఏడవలేదు. శిఖరం వైపు ఒక్కసారి చూసి కళ్లు దించుకున్నాడు. వెనక్కి తిప్పినవాళ్లందరికీ నేను చెప్పే మాట ఒకటుంది, అప్పుడూ అదే చెప్పాను. "పైన ఏముండాది అన్నా? అంతా మంచే. ఈడ కనిపించేదే ఆడా కనిపిస్తాది."

ఆయన తల ఊపి, భార్య వైపు చూడకుండానే, "పదమ్మే" అన్నాడు.

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, నాకూ మామూలుగానే వినిపించింది. చిన్న గైడుతో ఇద్దరు దిగుతున్నారని అప్పటికే చెప్పేశాను కూడా. అతను ఆమె నడుముకున్న తాడు ముడి విప్పడానికి వంగాడు. ఆమె ముడి మీద చెయ్యి పెట్టింది.

"విప్పగాకు" అంది. అతనికి తెలుగు రాదు, అయినా ఆగిపోయాడు.

ఆమె నా వైపు తిరిగింది. హార్స్‌లీ కొండ మీద ఆమె అన్నది అప్పుడు నాకు గుర్తొచ్చింది. సిగ్గేసింది.

"నేను వెంట దిగితే ఈయనకు నయమవుతాదా? నిజం సెప్పప్పా. నన్ను భయపెట్టగాకు, సంతోషపెట్టగాకు."

అందరూ నన్నే చూస్తున్నారు. అబద్ధం చెప్పడం నాకు చాలా సుఖం. ఆమెను కూడా కిందికి పంపితే నా మీద మాట రాదు. పైకి తీసుకుపోయి, కింద ఆయనకు ఏదన్నా అయితే పుంగనూరులో ఆమె తలెత్తుకోలేదు, నేను మదనపల్లెలో బోర్డు తిప్పేయాలి. మా గైడ్లు ఇద్దర్లో ఎవరు దించినా ఆయన క్షేమంగా దిగుతాడని మాత్రం నాకు తెలుసు.

"కిందికి దిగితే నయమవుతాది అక్కా. మీరు పక్కనుంటే కాదు."

"అయితే నేను ఎక్కతా."

"మాత్రలు?" అన్నాడాయన చివరికి. అంతకన్నా ఇంకేమనాలో ఆయనకు తెలిసినట్టు లేదు. ఆమె కోటు లోపలి నుంచి మాత్రల సంచీ తీసి, చిన్న గైడు చేతిలో పెట్టి, ఏది ఎప్పుడు వేయాలో తెలుగులో పూసగుచ్చినట్టు చెప్పింది. అతను మర్యాదగా అన్నిటికీ తల ఊపాడు. అతనికి ఏమీ అర్థం కాలేదని తెలిసి, తన మాత్రల సంగతి ఆయనే తనకొచ్చిన హిందీలో వివరించాల్సి వచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఏ మాత్ర దేనికో ఆయన చెప్పగా తాను విన్నది అదే మొదలని తర్వాత ఆమే చెప్పింది.

"పాప ఫోన్ చేస్తే ఏం సెప్పేది?" అని అడిగాడు పోతూ పోతూ.

"అమ్మ ఎక్కతాండాది అని సెప్పు."

ఆయన దిగడం మొదలుపెట్టాడు. ఆమె కొంతసేపు చూసింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఆ వాలు మీద వెనక్కి తిరిగితే పడతారు, నేనే చెప్పాను తిరగొద్దని. కానీ ఆమెకు అది తెలిసినా ఇంకా కొంతసేపు చూసింది. తర్వాత తాడు బిగించుకుని నా ముందు నడిచింది.

ఆ వాలు మీద నేను చాలామందిని నడిపించాను. కొందరు తిట్టుకుంటూ ఎక్కుతారు, కొందరు ప్రతి పది అడుగులకీ ఎంత దూరమని అడుగుతారు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడప్పుడూ ఆగి ఊపిరి తీసుకుని, మళ్లీ అదే నడక. మండీల వాళ్లు కూడా ఆమె అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ గుట్టుగా వచ్చారు. కింద నుంచి ఏదన్నా కేక వినిపిస్తుందేమోనని నేను మాత్రం చెవులు రిక్కించుకునే నడిచాను. వాకీ టాకీ గుర్రుమన్న ప్రతిసారీ ఆగి చెవి దగ్గర పెట్టుకునేవాణ్ణి. ఆయన బాగానే దిగుతున్నాడని చెప్పడానికే గుర్రుమంది.

శిఖరం మీద ఆరుగురు సర్దుకుని నిలబడేంత చోటే ఉంటుంది. మండీల వాళ్లు జెండా తీశారు, తర్వాత మండీ బ్యానరు తీశారు. ఆమె పక్కగా నిలబడి చుట్టూ చూసింది. ఒకవైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా తిరుగుతూ మొత్తం చూసింది. తర్వాత ఏడ్చింది. కళ్లు తుడుచుకుంటూ మర్యాదగా కాదు, చావింట్లో ఏడ్చినట్టు, గొంతెత్తి, నోరు తెరిచి ఏడ్చింది. మండీ ఆయన పట్టుకున్న బ్యానరు చేతుల్లోనే వేలాడిపోయింది. నేను దగ్గరికి పోయి, "అన్న బాగుండాడక్కా, ఇప్పుడే చెప్పినారు" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. దానికి కాదని అర్థం. ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాను. ఏడుస్తూనే తాగింది. ఫొటో తీసుకోమంటే వద్దంది. ఇంక పోదామన్నప్పుడు, ఇంకొంచెం సేపు ఉంటానని అడిగింది. గాలి పెరుగుతోంది. అయినా ఉండనిచ్చాను.

సాయంత్రానికి క్యాంపుకు దిగాం. ఆయన భోజనాల డేరాలో దుప్పటి కప్పుకుని సూప్ తాగుతున్నాడు. మనిషి పూర్తిగా కోలుకున్నాడు. ఇనప పళ్ల బూట్ల గురించి చిన్న గైడుకు ఏవో సలహాలు కూడా చెబుతున్నాడు. మమ్మల్ని చూసి ఆ మాట ఆపాడు. మండీల వాళ్లు గుంపుగా లోపలికొచ్చి, తెలివిగల మనుషులు కాబట్టి, వాతావరణం గురించి మాట్లాడారు. ఆమె గుమ్మం దగ్గరే బూట్లు విప్పుకుంటూ కూర్చుంది.

ఆయన సూప్ గిన్నెలోకి చూస్తూ అడిగాడు.

"పైన ఏముండాది?"

ఆమె తల ఎత్తింది. ఆమె ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. ఇలాంటప్పుడు ఎక్కినవాళ్లు ఎక్కనివాళ్లకు చెప్పేది ఒక్కటే. ఆమె చెప్పడానికి కష్టపడుతోందేమోనని ఆ మాట నేనే అందుకున్నాను.

"ఏమీ లేదన్నా. చెప్పినాను గదా. అంతా మంచే."

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. నేనేదో తెలియక మాట్లాడుతున్నట్టు చూసింది.

"ఏమీ లేకపోతే నేనెందుకు ఏడ్చినానప్పా?" అంది.

ఆయన గిన్నె కింద పెట్టాడు.

"ఏడ్చినావా?" అన్నాడు.

"ఊ."

ఇన్నేళ్లలో ఆమె ఏడవగా ఆయన ఎన్నిసార్లు చూశాడో, అసలు చూశాడో లేదో నాకు తెలియదు. చాలాసేపు ఆమె మొహమే చూశాడు. తర్వాత దుప్పటి దగ్గరికి లాక్కుని, బెంచీ మీద పక్కకు జరిగాడు.

"రా, ఈడ కూచో" అన్నాడు. "ఏం కనపడిందో మొదట్నించీ సెప్పు."